విహారయాత్రయు, ఊరి మర్యాదయు



పుష్యమాసము వచ్చినదనగా మన యుత్తరాంధ్రమున వరికుప్పలు నూర్చి ధాన్యము నిల్లు చేర్తురు. పిల్లలకు సంక్రాంతి సెలవులు. ఎండ తీక్షణము గాదు. “ఒక్కదినమెక్కడికైన బోయి వత్తమా?” అను మాట ప్రతి గృహమునను వినబడును. అంతట ప్రయత్నము లారంభమగును. మగవారు బండిని గుఱించియు, వ్యయమును గుఱించియు నాలోచింతురు. మనము పులిహోర యెంత కలుపవలెను, పెరుగునకు పాలెన్ని తోడువేయవలెను, చంటిపిల్లకు గుడ్డలెన్ని సర్దవలెను అని యాలోచింతుము. ఇవి యన్నియు వలసినవే. కాని మనము పోవు నూరివారు మనవలన నేమి కోరుదురు అను ప్రశ్న మాత్ర మెవ్వరికిని తోచదు. మూడేండ్ల క్రిందటివఱకు నాకును తోచలేదు. అది తోచిన విధమును, తోచిన పిమ్మట మా యాత్రల పద్ధతి మాఱిన విధమును చెప్పుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేము శ్రీకాకుళమున గాపురముందుము. మావారు పాఠశాలలో నుపాధ్యాయులు. ఈ పట్టణమునకు సుమారు 65 కిలోమీటర్ల దూరమున, టెక్కలి మండలములో, నౌపడ రైలుస్టేషనునకు సమీపమున తేలినీలాపురమను చిన్న యూరు గలదు. నౌపడ ఉప్పుమళ్ళకు ప్రసిద్ధి కెక్కినది. 1900 సంవత్సరమున పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నరైలు ఈ నౌపడనుండియే బయలుదేఱెడిది. 1931 నాటికది గుణుపురమువఱకు సాగెను. ఇప్పుడది పెద్దరైలుమార్గమై 2011 నుండి నడుచుచున్నది. సముద్రపు పోటునీరు లోనికి వచ్చి నిలుచు ఉప్పుటేళ్ళును, బురదనేలలును ఈ ప్రాంతమున విస్తారము. నీరున్నచోట చేపలుండును, చేపలున్నచోటికి పక్షులు వచ్చును.

తేలినీలాపురమునకు ఏటేట సెప్టెంబరు మాసము మొదలు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును గుంపులు గుంపులుగా వచ్చి, ఊరి చెట్లపై గూళ్ళు గట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను లేపి, వానికి ఱెక్కలు వచ్చిన పిమ్మట వేసవి ముదురకమునుపే వెడలిపోవును. గూడబాతు మిక్కిలి పెద్ద పక్షి. దాని ముక్కు క్రింద నొక తోలుసంచి వ్రేలాడుచుండును. మన రైతులు పొలమునకు నీరు చిమ్ము గూడను చూచినవారికి ఆ సంచిని చూడగనే యీ పేరెట్లు వచ్చినదో తోచును. ఎఱ్ఱకాళ్ళ కొంగకు పసుపువన్నె ముక్కును, తోకకడ గులాబివన్నె యీకలును ఉండును. గూడబాతు గ్రుడ్లు పెట్టి నెలదినములు పొదుగును. పిల్ల తల్లి నోటిలోనికి తన తలను దూర్చి, తల్లి మ్రింగి తెచ్చిన చేపలను తినును. ఆ పిల్ల యెగుర నేర్చునప్పటికి మూడు నెలలకు తక్కువ పట్టదు.

వీనిని జనులు సైబీరియా పక్షులందురు. పక్షులను పరిశీలించిన పండితులు మాత్రము, ఈ గూడబాతులు మన దేశమునను, ఇరుగుపొరుగు దేశములందును వసించునవే యనియు, నీరును, చేపలును, గూటికి దగిన చెట్టును వెదకుకొని తావులు మార్చుచుండుననియు చెప్పుదురు. ఎక్కడినుండి వచ్చిననేమి? వచ్చినది ప్రసవమునకు. ఆ యూరివారి కా మాట చాలును.

ఆ చెట్లు అడవిలో లేవు. ఇండ్ల నడుమ నున్నవి. పెంకులపై రెట్ట పడును. వాకిట సగము తిన్న చేప రాలును. నీచువాసన దినమెల్ల నుండును. ప్రతి యుదయమును ఆ యూరి స్త్రీలు ఇవి యన్నియు నూడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టుకొందురు. పక్షులు వచ్చిన యేడు ఊరికి మేలనియు, రానియేడు కీడనియు వారి నమ్మకము.

మేము మొదటిసారి పోయినపుడు ఇవి యేమియు మాకు తెలియదు. మా వీథిలోని నాలుగు కుటుంబములవారము, పిల్లలతో గూడ పదునేడుగురము, ఒక వ్యానులో బయలుదేఱితిమి. వంటలయ్యి బయలుదేఱునప్పటికే తొమ్మిదిగంటలు దాటెను. వంశధార దాటువఱకు పాటలు, దాటిన పిమ్మటను పాటలే. ఊరు చేరునప్పటికి నడిమధ్యాహ్నము. వ్యానులోని పాటపెట్టె నాపుట యెవరికిని తోచలేదు. ఒక పెద్ద చెట్టుక్రింద చాపలు పఱచి విస్తళ్ళు వేసితిమి.

పక్షులు గూళ్ళలో కదలక కూర్చుండియున్నవి. “ఇంతదూరము వచ్చి కూర్చున్న పక్షులను చూచుటేనా? ఎగిరినచో ఫొటో బాగుండును గదా!” అని మాలో నొకామె యనెను. మా చిన్నవాడు అప్పటికి తొమ్మిదేండ్లవాడు. పెద్దల మాట విని ఉత్సాహము పట్టలేక మొదట చప్పట్లు చఱచెను. అవి లేవకపోగా నొక ఱాయి తీసి కొమ్మలలోనికి విసరెను. నేను చూచుచునే యుంటిని. చెఱకుతోటలో గాలి వీచినట్లు పెద్ద సద్దు పుట్టెను. చెట్టంతయు లేచినట్లు వందలాది పక్షులు ఒక్కమాఱుగా లేచెను. అందఱును సెల్లుఫోనులు పైకెత్తిరి. అంతలో గూటి యంచుననున్న యొక పిల్ల, ఇంకను ఈకలు పూర్తిగా రానిది, జాఱి మా చాపకు బారెడు దూరమున పడెను. ఒక్కసారి కాళ్ళు తన్నుకొని యూరకుండెను.

ఎదురింటి యరుగుపైనుండి యొక వృద్ధురాలు లేచివచ్చినది. ఆమె పిల్లవానిని తిట్టలేదు. నా ముఖము చూచి, “ఏటమ్మా, మీ ఇంటికి ఆడపిల్ల పురిటికొస్తే ఇలాగే కేకలేత్తారేటి?” అనినది. నాకు మాట రాలేదు. ఆమె ఆ పక్షిపిల్లను ఒక మోదుగాకులో నెత్తుకొనిపోయి పెరటిలో పూడ్చినది. అప్పటికి మావాడు వెక్కివెక్కి యేడ్చుచున్నాడు. మరల ఆమెయే యింటిలోనికి పోయి ఇత్తడిచెంబుతో నీళ్ళు తెచ్చి వాని ముందు పెట్టినది. నేను వెంటనే, “వద్దు మామ్మా, మా యింటినుండి తెచ్చుకొన్న నీళ్ళున్నవి” అంటిని. ఆమె యేమియు ననలేదు. చెంబు తీసికొని లోపలికి పోయినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్షిపిల్ల చనిపోయినందుకు కలిగిన దుఃఖ మొకటి, ఆ చెంబు వెనుకకు పోయినందుకు కలిగిన సిగ్గు మఱియొకటి. మా తండ్రిగారు నాకు శాకుంతలము చెప్పునపుడు, దుష్యంతుడు కణ్వాశ్రమము ప్రవేశించు ఘట్టమున చాలసేపు నిలిచి చెప్పెడివారు. ఆశ్రమమృగమును కొట్టవద్దని మునులనిన మాటకు ఆ రాజు ఎక్కుపెట్టిన బాణమును దించెను. లోనికి పోవునపుడు ధనుస్సును, ఆభరణములను సారథి చేతికిచ్చి సామాన్యవేషముతో పోయెను. తన రాజ్యములోని భూమియే యైనను, అక్కడి మర్యాద అక్కడివారిదని యతనికి తెలియును. ఆ కథ నాకు పండ్రెండవయేటనే వచ్చును. చెట్టుక్రింద పాటపెట్టె మ్రోగుచున్నపుడు అది నాకేల జ్ఞప్తికి రాలేదో!

మావారితో నీమాట చెప్పగా, “మనము చెప్పుటకు అలవాటుపడినవారము, అడుగుట మఱచితిమి” అనిరి.

నా పుట్టినిల్లు విజయనగరము. అచ్చట విజయదశమి పిమ్మట వచ్చు మంగళవారమునాడు పైడితల్లియమ్మవారి సిరిమానోత్సవము జరుగును. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలియుద్ధమున సోదరుడైన విజయరామరాజు మరణించుటకు దుఃఖించి దేహము చాలించిన రాచబిడ్డయే పైడిమాంబ యనియు, ఆమె విగ్రహము పెద్దచెఱువున లభించినదనియు మా యూర చెప్పుకొందురు. సోమవారము రాత్రి తొలేళ్ళు. ఆ రాత్రి విత్తనములు పంచుదురు. రైతులు వానిని తమ విత్తనములలో కలిపి చల్లుకొందురు. మఱునాడు పొడవైన చింతమ్రాను చివర పీటపై పూజారి కూర్చుండగా, ఆ మ్రానును మూడులాంతర్ల నుండి కోటవఱకు ముమ్మాఱు త్రిప్పుదురు. దానిముందు పాలధార, అంజలిరథము, తెల్లయేనుగు, బెస్తవారి వల నడచును.

నా చిన్నతనమున దూరపుబంధువు లొకరు ఆ యుత్సవము చూడవచ్చి మా యింట దిగిరి. ఊరేగింపులో వలను చూచి, “దేవత ముందు ఈ చేపలవల యేమి? వాసన!” అని పకపక నవ్విరి. మా నాయనమ్మ, “ఆ వల పట్టినవారి చేతుల మీదుగానే కదయ్యా తల్లి చెఱువులోనుండి గట్టుకు వచ్చినది” అనెను. ఆయన మఱల మాటలాడలేదు. కాని నాకు వచ్చిన కోపము మూడుదినములు తగ్గలేదు. మా యింట నన్నము తినుచు మా తల్లిని పరిహసించెనే యని. ఆ రాత్రి అది తలంపునకు వచ్చి, తేలినీలాపురమున నేనే ఆ బంధువునైతిని గదా యని సిగ్గుపడితిని.

తరువాత మావారును నేనును ఆ పక్షులను గుఱించి తెలిసికొనుటకు మొదలిడితిమి. గుంపుగా గూళ్ళు గట్టు పక్షులు ఒకచోట బెదరినచో ఆ తావునే విడిచిపోవుట కలదు. పశ్చిమగోదావరి జిల్లాలో ఆరేడు అను గ్రామమున గూడబాతుల గూళ్ళ నెలవు పెద్దది యుండెను. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిపండితుడు దానిని కనుగొని లోకమునకు తెలిపెను. కొన్ని దశాబ్దములు గడచునప్పటికి ఆ పక్షులు ఆ తావును విడిచిపోయెను. ఒకసారి పోయిన పక్షులను పిలిచి తెచ్చు మంత్ర మెవరికిని తెలియదు. మఱియొకచోట దీనికి మాఱుగా జరిగినది. తమిళదేశమున శివగంగ జిల్లాలోని వేట్టంగుడి చెఱువులపై వాలు పక్షులు బెదరునని ఆ చుట్టుపట్ల గ్రామస్థులు దీపావళినాడు గూడ బాణసంచా కాల్పరు. పిల్లలున్న యింట దీపావళికి టపాకాయ లేకుండుట యెంత కష్టమో తల్లులమైన మనకు తెలియును.

మనము ఒక్కదినము చూచి పోవుదుము. ఊరివారు ఏడాది పొడవున ఆచారమును మోయుదురు. వారు మోయుచున్నారు కనుకనే మనకు చూచుటకు వస్తువు మిగిలియున్నది. చూడవచ్చిన మనము ఆచారమును భంగపఱచినచో, చూడవచ్చిన దానినే చెఱచినవారమగుదుము. ఈ చిన్నమాట తెలియుటకు నాకొక పక్షిపిల్ల ప్రాణము కావలసివచ్చినది.

మఱుసటి సంవత్సరము జనవరిలో మరల బయలుదేఱితిమి. ఈమాఱు ముందుగా నాలుగు సంగతు లడిగి తెలిసికొంటిమి. మావారి శిష్యులలో నొకని మేనమామది టెక్కలి. అతనివలన, ఉదయముగాని, ప్రొద్దువాలినపిమ్మటగాని వచ్చుట మంచిదనియు, ఊరిలో అటవీశాఖవారి చూచుటకైన యెత్తైన మంచె కలదనియు, చెట్లక్రిందికి పోనవసరము లేదనియు తెలిసెను. పదునేడుగురము గాక ఆఱుగురమే పోయితిమి. ఆమదాలవలసకు పోయి రైలెక్కి నౌపడ దిగి, అచ్చటినుండి ఆటోలో పోయితిమి. వంట ముందటి రాత్రియే ముగించి, స్టీలు డబ్బాలలో సర్దితిని. విస్తరాకులు తప్ప పాఱవేయు వస్తు వేదియు వెంట తీసికొని పోలేదు. పురిటింటికి వట్టిచేతులతో పోరాదు గనుక పసుపు, కుంకుమ, అరటిపండ్లు ఒక సంచిలో పెట్టుకొంటిని.

మావాడు రైలులో కిటికీకడ కూర్చుండలేదు. నేను రమ్మనినను, “నన్ను ఆ మామ్మ గుర్తుపట్టునా?” అని రెండుసార్లడిగెను. “గుర్తుపట్టినచో తప్పు చెప్పుకొనుము” అంటిని. అంతకంటె నేనేమి చెప్పగలను? వాడు ఱాయి విసరినపుడు చూచుచు నూరకున్నది నేను.

ఆమె యరుగుపైననే చింతపండు పిక్కలు తీయుచు కూర్చుండియున్నది. నేను పండ్లును, పసుపుకుంకుమలును ఆమె చేతిలో పెట్టితిని. ఆమె కొంతసేపు చూచి, “ఓలమ్మా, మీరేనా!” అని నవ్వినది. మావాడు నావెనుక దాగెను. ఆమె వాని చేయిపట్టి ముందునకు లాగి, మాటలాడక దూరపు కొమ్మను చూపినది. అచ్చట ఒక గూడబాతుపిల్ల తల్లి నోటిలో సగము దూఱియున్నది. వాడు ఊపిరి బిగబట్టి చూచెను. తరువాత చాల మెల్లగా, “మామ్మా, ఆ తల్లి మొన్నటిదేనా?” అని యడిగెను. ఆమె, “ఏమో బాబూ, దానికి గురుతున్నాదో నేదో. తిత్లీ గాలికి సెట్లన్నీ పడిపోనాయి. మరి రావనుకున్నాం. మల్లీ వచ్చినాయి” అనినది.

2018 అక్టోబరు 11వ తేదీన పలాస ప్రాంతమున తీరము దాటిన ఆ తిత్లీ తుపాను ఉద్దానమున కొబ్బరిచెట్లను, జీడిమామిడితోటలను నేలపాలు చేసిన సంగతి మన జిల్లావారెవరును మఱవలేదు. అంతటి గాలిని సహించి వచ్చిన పక్షులకు మనము పాటపెట్టెతో నెదురేగితిమి గదా!

ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చినది. అదే ఇత్తడిచెంబు. నేను చేయి చాపకమునుపే మావాడందుకొని త్రాగెను. వాని తరువాత నేను త్రాగితిని. మా యింట పెద్దలకాలమున ఎవరి చేతినీళ్ళు త్రాగవలెను, ఎవరివి త్రాగరాదు అను కట్టుబాట్లు చాల నుండెడివి. వానిని నేను మఱచితి ననుకొన్నాను. మొదటి యేడు “మా నీళ్ళున్నవి” అని నా నోట వచ్చిన మాట ఆ కట్టుబాటు విడిచిపోయిన జాడయే. మనవెంట తీసికొని పోవు వస్తువులలో పోవుటకుముందు తీసివేయవలసినవియు కొన్ని యుండును.

ఇచ్చట నొకరు, “పరుల యాచారములన్నియు మనకు నచ్చునా? నచ్చనివానిని గూడ మన్నింపవలెనా?” అని యడుగవచ్చును. మంచి ప్రశ్నయే. ఆఫ్రికాఖండమున ఇథియోపియా దేశములో టానా యను మహాసరస్సు గలదు. పూర్వకాలమున అగ్నిపర్వతములనుండి పాఱిన ద్రవము గడ్డకట్టి నదికి అడ్డుకట్టయై ఆ సరస్సు ఏర్పడెనందురు. నీలనైలునది దానినుండియే పుట్టును. దాని దక్షిణపు గట్టున బహిర్‌దార్ అను పట్టణ మున్నది. అచ్చటను గూడబాతుల జాతి పక్షులు నీటిపై తేలుచుండును. అచ్చటి జాలరులు జమ్ముతో గట్టిన తేలికపడవలలో తిరుగుదురు. సరస్సులోని దీవులందు శతాబ్దములనాటి క్రైస్తవమఠములు గలవు. వానిలోనికి పాదరక్షలు విడిచి పోవలెను. ఇది మనకు క్రొత్త గాదు. కాని కొన్ని మఠముల దీవులపై స్త్రీలు కాలు మోపరాదు. ఇది చదివినపుడు నాకు కోప మే వచ్చినది. అయినను ఆలోచింపగా, స్త్రీలను రానిచ్చు మఠములును అచ్చటనే యున్నవి. ముందుగా నడిగి తెలిసికొన్న స్త్రీ ఆ దీవులకు పోయి చిత్రములు చూచి వచ్చును. అడుగక పోయినది పడవలో కూర్చుండి భర్తరాకకు ఎదురుచూచును. ఆచారము న్యాయమా యని వాదించుటకు మనకు హక్కు గలదు. కాని వాదమునకు తగినచోటు వారి గుమ్మము గాదు.

ఆచారమనిన ప్రతిదియు కన్నులు మూసికొని చేయవలెననియు నేననను. శ్రీకాకుళమునకు పదుమూడు కిలోమీటర్ల దూరముననున్న శ్రీకూర్మము మీలో చాలమంది చూచియుందురు. విష్ణువు కూర్మరూపమున వెలసిన క్షేత్రము, పడమటిముఖముగా నున్న దైవము, రెండు ధ్వజస్తంభములు. ఆలయమున నక్షత్రపుతాబేళ్ళను పోషింతురు. భక్తులు తాబేళ్ళను తెచ్చి స్వామికి సమర్పించుట పూర్వమునుండి యున్నది. కాని యిప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ననుసరించి అట్టి తాబేళ్ళను పట్టుటయు, అమ్ముటయు నేరము. కావున మ్రొక్కు పేర తాబేలును కొని తెచ్చుట తగదు. అచ్చటనున్నవానికి నమస్కరించి, వానిని చేతబట్టక, పిల్లలచేత త్రిప్పింపక, కనులార చూచి వచ్చుటయే కూర్మనాథునకు ప్రీతి యని నా నమ్మకము. ప్రాణిని కాపాడు నాచారమును మనము మోయవలెను. ప్రాణికి బాధ కలిగించునది యైనచో, ఊరివారిని నిందింపక, మనము మాత్రము దానినుండి తొలగవలెను.

ఇక ప్రయాణమునకు బయలుదేఱు సోదరీమణులకు నా యనుభవమున తేలినవి కొన్ని చెప్పుదును.

పోవుటకు దినము నిర్ణయించునపుడు మన సెలవును మాత్రమే చూడక, ఆ యూరి కాలమునుగూడ చూడుడు. తేలినీలాపురమునకు డిసెంబరు, జనవరి మాసములు మంచివి. ఇచ్ఛాపురము మండలములోని తేలుకుంచికి తొలకరిలో చిల్లుముక్కు కొంగలు వచ్చి శీతకాలము ముదురునప్పటికి వెడలిపోవును. అచ్చటికి సంక్రాంతికి పోయినచో వట్టిచెట్లు కనబడును. విజయనగరమునకు సిరిమానునాడు పోవువారు సోమవారమే చేరి యెక్కడనైన దిగియుండవలెను. మంగళవారము మధ్యాహ్నము పట్టణములో బండి కదలదు.

ఎందఱము పోవుదుమనునది రెండవది. పదునేడుగురు పోయిన నదియొక దండయాత్ర. అయిదాఱుగురు పోయినచో ఊరివారు పలుకరింతురు, అరుగుపై చోటు చూపుదురు. స్త్రీలకు మఱుగుదొడ్డి యొక చిక్కు. దానికి సిగ్గుపడి నీళ్ళు త్రాగుట మానివేసి తలనొప్పి తెచ్చుకొనువారిని చూచితిని. ఏ యింటి గృహిణినైన మర్యాదతో నడిగినచో లేదనదు. కాని ఆమెను రెండు మంచిమాటలతో పలుకరించిన పిమ్మట నడుగుడు. దిగీదిగగనే యడుగుట పని చేయించుకొనుటవలె నుండును.

ఫొటోలు తీయుటకు ముందు అనుమతి కోరుడు. సీతంపేట మన్యమున సవరల యిండ్ల గోడలపై తెల్లని గీతలతో మిక్కిలి యందమైన చిత్రములుండును. అవి గోడకు అలంకారముగా వేసినవి గావు. తమ దేవతల కొఱకును, పితరుల కొఱకును వ్రాయించుకొన్నవి. మన దేవునిగదిలోనికి పరాయివారు చెప్పక వచ్చి ఫొటో తీసినచో మనమూరకుందుమా?

పిల్లలకు ఇంటనే చెప్పుడు. ఊరు చేరిన పిమ్మట “అఱవకుము, పరుగెత్తకుము” అని మందలించుటవలన ప్రయోజనము లేదు. ఎచ్చటికి పోవుచున్నాము, అచ్చట ఎవరున్నారు, వారి యింట నేమి జరుగుచున్నది అని ముందటి రాత్రి కథగా చెప్పినచో పిల్లలు పెద్దలకంటె బాగుగ నడతురు. మేము మంచెపైనుండగా క్రింద నొక గుంపు కేకలు వేయుచు వచ్చెను. మావాడు దిగిపోయి, ఆ పిల్లలలో పెద్దవాని చెవిలో నేమో చెప్పెను. అందఱును చెప్పులు చేతబట్టుకొని వ్రేళ్ళమీద నడచి వచ్చిరి. వాడేమి చెప్పెనో నే నడుగలేదు.

చివరిమాట: ఊరిలో నేదైన కొనుడు. కొబ్బరికాయయో, గ్రుక్కెడు టీయో, పావుకిలో జీడిపప్పో. మనకొఱకు వారు నీచువాసన భరించి కాపాడినదానిని ఉచితముగా చూచి, మన డబ్బాలలోని భోజనము మనము తిని, ఎంగిలాకులు మాత్రము వారికి మిగిల్చి వచ్చుట గృహిణుల కొప్పదు. ఆ యాకులను గూడ మూటగట్టి తెచ్చుకొనుడు.

సాయంకాలము వచ్చుటకు లేచినపుడు ఆ వృద్ధురాలు వీథిచివరవఱకు వచ్చి, “మల్లీ రండమ్మా, పిల్లలు ఎగిరేటప్పుడు సూడాలి” అనినది. ఏ పిల్లలో చెప్పలేదు. మావాని తల నిమిరినది.

వచ్చు తొలకరికి తేలుకుంచి పోవలెనని మా యింట నిశ్చయము. మావారు రైలువేళలు చూచుచున్నారు. నేను ఏ పచ్చడి వెంటగొనిపోవుదునా యని యాలోచించుచున్నాను. నిన్నరాత్రి మావాడు పుస్తకము మూసి నాకడకు వచ్చి, “అమ్మా, ఆ యూర మనము మొదట ఎవరినడుగవలెను?” అనెను.